వెంకటాచలపతి గారి బండి ప్రయాణం

నెల్లూరు నుంచి చెన్నపట్నం మింటు వీధికి కోడలిగా వచ్చిన ఆరేళ్ళలో, నేను పుట్టింటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మా మామగారు గోపాలయ్య ఒకటే మాట అనేవారు.

"మా తాత నెల్లూరు నుంచి ఇరవై ఒక్క దినాలు ఎద్దులబండి తోలుకోని ఈడికొచ్చినాడు. నువ్వు మూడు గంటలు రైల్లో కూర్చోని నడుము నొప్పంటే ఎట్లమ్మా?"

ఆ తాత వెంకటాచలపతి గారు దారిలో రాసుకున్న డైరీ మా పూజగదిలో ఉంది. ఏటా దసరాకు దానికి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. చదివినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఇంట్లో అందరూ తమిళంలో చదువుకున్నవాళ్ళే. తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం ముక్క రాదు. పోనీ నేను చదువుతానంటే, "దేవుడి గదిలో వస్తువు, ముట్టగూడదు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది.

తొంభై నాలుగులో మా వర్తక సంఘం హాల్లో పెద్దల పటాలు పెట్టాలనుకున్నారు. మామగారు కోడంబాక్కంలో సినిమా బ్యానర్లు గీసే ఆయన చేత తాత పటం వేయించారు. మెలేసిన మీసం, చేతిలో చర్నాకోల, గాల్లోకి లేచిన ఎద్దులు. వీధంతా పిలిచారు. నిలువెత్తు పూలదండ చెప్పారు. అంతా అయ్యాక సంఘం కార్యదర్శి కోదండరాం మెలిక పెట్టాడు.

"డైరీ సభలో చదవండి సార్. ఆయన బండి తోలినట్టు ఉంటేనే పటం."

ఆ పటం గోడ ఎక్కకపోతే మామగారు వీధిలో తలెత్తుకోలేరు. చదవడానికి నేను తప్ప గతి లేదు. సభలో నిలబడి మొదటి పేజీ తీశాను.

"గూడూరు. నాకు కడుపులో బాగాలేదు. నా భార్య కమలాంబ బండి తోలినది."

జనం సర్దుకుని కూర్చున్నారు.

"స్వర్ణముఖి. కమలాంబ ఎద్దులను పట్టుకొని ఏరు దాటించినది. నేను కాళ్ళు తడవకుండా బండిలో ఉంటిని."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"తడ. దొంగలు పడిరి. నేను గడ్డిలో దూరితిని. కమలాంబ చర్నాకోల తీసినది. దొంగలు పోయిన పిమ్మట కూడా చాలాసేపు గడ్డిలోనే ఉంటిని. వెచ్చగా ఉండెను."

చివరి పేజీలో ఒక్కటే ముక్క. "చెన్నపట్నం చేరితిమి. పడుకొని పడుకొని నడుము పట్టినది."

హాలు గొల్లుమంది. ఆరేళ్ళుగా ఇలాంటి రోజు కోసమే కాచుకున్నదాన్ని. తీరా వచ్చాక, దండ పట్టుకుని నిలబడ్డ మామగారిని చూస్తే నవ్వు రాలేదు.

"మా తాత ఒక్క దినమైనా తోలినాడా, చూడమ్మా" అన్నారు ఆయన, మెల్లగా.

ఔనంటే పటం ఎక్కుతుంది. కాదనడానికి ఆ హాల్లో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు లేరు. కానీ ఏరు దాటించిన ఆవిడ చేతిలో నుంచి పగ్గం లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు.

"లేదు మామా."

ఆయన కాసేపు పటం వైపు చూశారు. తర్వాత కోదండరాం వైపు తిరిగారు.

"తోలుకోని వచ్చింది మా అవ్వ. ఆమెకి పటం లేదు. ఆమె పేరు రాసి దీన్నే తగిలించండి."

"మీసాలుండే మనిషికి కమలాంబ అని ఎట్ల రాసేది సార్?"

మామగారు ఆలోచించారు. "కమలాంబ గారి భర్త అని రాయండి."

ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. కళ్ళు తుడుచుకున్నాను. పెయింటరు పటం కింద ఆ మాటను తెలుగులోనూ తమిళంలోనూ పెద్ద అక్షరాలతో రాశాడు. ఇక తాత సొంత పేరుకు చోటు మిగల్లేదు.