పడనివ్వని వార్డు

మధ్యాహ్న భోజనాల వేళ దాటిపోయినా ముసలివాళ్ల వార్డులో సగం పళ్లేలు ముట్టినట్టే లేవు. తినిపించే చేతులు లేవు. ఇద్దరు ఆయాలు చేయాల్సిన పని ఒక్కతే చేస్తోంది. ఒక మంచం దగ్గర ముద్ద పెట్టేలోగా మరో మంచం మీద పక్క తడుస్తోంది.

అలాంటి వేళ నర్సింగ్ ప్రొఫెసరమ్మ లోపలికి వచ్చింది. వచ్చే నెల ఆమె పదవీ విరమణ. ఈ వార్డంటే ఆమెకు పుట్టిల్లు. వయసులో ఉండగా, ఇక్కడి ముసలివాళ్లు మంచాల మీంచి పడి, తుంటి విరిగి, మళ్లీ లేవకుండానే పోతుంటే చూడలేక అధికారుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఎవరు పడినా కాపలా ఉన్నవాళ్లు సంజాయిషీ చెప్పాలన్న నియమం ఆమె సాధించిందే. ఇప్పుడిక్కడ ఎవరూ పడటం లేదు. ఆ ఘనతకే ఆమె మెడలో ఎన్నో దండలు వేశారు.

దర్జీ తాత మంచం దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. నర్సింగ్ కాలేజీ పిల్లల యూనిఫారాలన్నీ ఏళ్ల తరబడి కుట్టిన మనిషి. ఆ మధ్య దగ్గు పట్టుకుందని తన కాళ్ల మీద తనే నడిచొచ్చి, "తొందరగా పంపించెయ్యండమ్మా, నా మిషను బెంగపెట్టుకుంటది" అని అందర్నీ నవ్వించాడు. ఇప్పుడు కాళ్లు పుల్లలైపోయాయి. ఆమె దుప్పటి తొలగించింది. రెండు మణికట్లూ గుడ్డపీలికలతో మంచం పట్టెకు కట్టి ఉన్నాయి.

"ఎవరు కట్టారు?"

"నేనేనమ్మా," అంది ఆయా తల దించుకుని. "లేస్తే పడతారు. మొన్న ఒకాయన బాత్రూంలో జారబోయాడని నాతో చేసే అక్కని తీసేశారు. కట్టమని ఎవరూ నోటితో చెప్పరు. పడకూడదు, అంతే. ఇంతమందిని ఒక్కదాన్ని ఎట్లా పట్టుకోను? ఆ రూలు మీరే పెట్టించారంట కదమ్మా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆ మాట మరింత లోతుగా దిగింది. ఆనాడు ఆమె రూలు అడిగింది, మనుషులనూ అడిగింది. రూలు ఇచ్చారు. మనుషుల సంగతి చూద్దామన్నారు.

ఆమె ముళ్లు విప్పింది.

"బాబాయ్, లేద్దామా?"

"కాళ్లెప్పుడో నా మాట వినడం మానేశాయి తల్లీ. కత్తెర ఆడించిన చేతులివి. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేకపోతున్నా."

చెరో రెక్కా పట్టుకుని లేపారు. ఆయన కిటికీ దాకా నడిచాడు. వీధి కనిపించగానే మోకాళ్లు మడతపడ్డాయి. ప్రొఫెసరమ్మ ఆయన్ను పొదివి పట్టుకుని తనూ నేల మీదికి జారింది. దెబ్బ తగల్లేదు. "చూశావా, నడిచా," అన్నాడాయన, చెంపల మీద నీళ్లు కారుతుంటే.

చప్పుడు విని సూపరింటెండెంటు వచ్చాడు.

"ఏంటి మేడమ్ ఇది! ఒక్కరూ పడని వార్డని పేరు తెచ్చింది మీరే. పోతూ పోతూ మీ చేత్తోనే..." ఆయా వైపు తిరిగాడు. "చూస్తావేంటి? పడుకోబెట్టి కట్టు."

"ఆయన నడిచాడు. సంజాయిషీ నన్నడగండి."

"మీకేం మేడమ్, వచ్చే నెల ఇంట్లో కూర్చుంటారు. చెప్పుకోవాల్సింది ఈమె."

ఆయా నేల మీది గుడ్డపీలిక తీసింది. తాత అలవాటుగా రెండు చేతులూ ముందుకు చాచాడు. ఆ చేతుల్ని చూసి ఆమె ఆగిపోయింది.

"కట్టనండి."

"అయితే రేపట్నించి రాకు."

ఆయా పీలికను కింద పడేసింది. "కట్టను," అంది మళ్లీ.

పక్క మంచం మీది ముసలాయన చెయ్యెత్తబోయాడు. కట్టు ఎంతవరకు సాగిందో అంతవరకే లేచింది. "అమ్మా, నాదీ," అన్నాడు. ఆ అవతల ఇంకొకరు, ఆ పై వరసలో ఇంకొకరు. పట్టెలు కిర్రుమంటున్నాయి.

"అందర్నీ విప్పితే పట్టుకోడానికి మనమిద్దరమేనమ్మా," అంది ఆయా.

ప్రొఫెసరమ్మ తాత తల ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది.