పేరు తరువాత దగ్గు

ఈ ఉదయం మా వైఫై రౌటర్ గోడ దిగి వచ్చి, వీధి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది. దాని రెండు కొమ్ములకూ అత్తయ్యగారు పసుపు రాసి బొట్టు పెడతారు. వచ్చినవాళ్ళను పేరు అడిగి తలుపు తియ్యడం ఇక దాని పని. కాకినాడలో ఎండ మామూలుగానే ఉంది.

"ఆయ్, తమరి పేరండీ?" అంటుంది. అత్తయ్యగారి పెంపకం కదా, ఎవరి మాటకూ అడ్డు రాదు. చివరిదాకా వింటుంది. విన్నదంతా చేస్తుంది. అక్కడే ఉంది చిక్కంతా.

మొదట గళ్ళ చొక్కా వేసుకున్న ఒకాయన వస్తాడు. "గవర్రాజు," అంటాడు. చిన్నగా దగ్గుతాడు. "వంటిల్లు ఇలా తీసుకురా."

"ఆయ్, అలాగేనండీ."

వంటిల్లు గుమ్మంలోకి నడిచి వస్తుంది. పొయ్యి మీద పప్పు ఇంకా ఉడుకుతోంది. ఆయన గరిటెతో రుచి చూసి, ఉప్పు చాల్లేదంటాడు. ఒళ్ళు మండిపోతుంది నాకు. ఉప్పు సరిగ్గానే వేశాను.

"నిన్ను పేరే కదా అడగమన్నాం! దగ్గిన తరువాత చెప్పింది పేరెలా అవుతుంది?" అని రౌటర్‌ను నిలదీస్తాను.

"పేరు చెప్పే చోటే చెప్పారండీ. అక్కడ చెప్పింది కాదనడం మర్యాద కాదండీ."

అత్తయ్యగారు మురిసిపోతారు. "చూసి నేర్చుకో," అంటారు నాతో.

కంపెనీకి ఫోన్ చేస్తాను. "పాత మోడలండి మేడం. దానికి బుద్ధులు నేర్పడం మానేశామండి. వచ్చేవాళ్ళనే దగ్గొద్దని చెప్పండి," అని పెట్టేస్తారు.

ఈలోగా గుమ్మం ముందు జనం. అందరూ గొంతులు సవరించుకుంటున్నారు. హాలు వీధి చివరిదాకా సాగుతుంది, ఎవరో సాగమన్నారు. ఒకావిడ మా మేడమెట్లు మడిచి చంకలో పెట్టుకుంటుంది. పోతే పోనీ. వెనక గదిలో నా కూతురు లోహిత బొమ్మలు వేసుకుంటోంది, అది ఉంటే చాలు నాకు. ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడతాను.

గవర్రాజు మళ్ళీ పేరు చెప్పి దగ్గుతాడు. "పాపను ఇవ్వు."

"వద్దు!" అని అరుస్తాను. పేరు చెప్పకుండా అరిచాను కాబట్టి రౌటర్‌కు అది లెక్కలోకి రాదు.

"ఆయ్, అలాగేనండీ."

తలుపు తోసి చూస్తాను. రంగు పెన్సిళ్ళు ఉన్నాయి. పిల్ల లేదు. దేవుడా, ఇంత మర్యాదగా పిల్లను అప్పగించేస్తారా ఎవరైనా!

పరుగున వచ్చి పీట ముందు కూలబడతాను. నా గుమ్మంలో నేనే పేరు చెప్పుకుంటాను. "హైమవతి." దగ్గుతాను. "నువ్వు లేచి పో! నా పిల్లను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టు!"

"ఆయ్, అలాగేనండీ."

రౌటర్ లేచి, వైరు కుచ్చిళ్ళలా ఎత్తిపట్టుకుని వీధిలోకి వెళ్ళిపోతుంది. పీట మీద లోహిత ఉంది. వేళ్ళకు నీలం రంగు అలాగే ఉంది. గట్టిగా వాటేసుకుంటాను. ఏడుపు ఆగదు.

పిల్ల నుదుటి చర్మం కింద పచ్చ లైటు మిణుకుమంటోంది.

"ఆయ్, తమరి పేరండీ?" అంటుంది నన్ను చూసి.

"అమ్మనే తల్లీ, అమ్మని!"

"అమ్మ. ఆ తరువాతండీ?"

వెనక నుంచి గవర్రాజు వంగి తన పేరు చెబుతాడు. ఏమీ వినపడకుండా పిల్ల చెవులు రెండూ అరచేతులతో మూసేస్తాను. ఆయన దగ్గుతాడు. "తలుపు తియ్యి."

"ఆయ్, అలాగేనండీ," అంటుంది నా కూతురు.

నా అరచేతులు రెండూ కిర్రుమంటూ, మణికట్ల దగ్గర తలుపు బందులు తిరిగి, బార్లా తెరుచుకుంటాయి.