నాలుగో కుర్చీలో ఆగిపోయిన మాటలు

పాపకు నీళ్ళు పోసి తొమ్మిది రోజులైంది. తడిగుడ్డతో తుడిచి, తల మీద నాలుగు చుక్కలు చల్లి, స్నానం అయిపోయిందని అత్తయ్యను నమ్మిస్తున్నాను. బకెట్టు నిండుతుంటే చాలు, పాపను అందులో ముంచేస్తానేమో అనిపిస్తుంది. ముంచాలని లేదు. అనిపిస్తుంది, అంతే. ఇంకెవరికైనా ఇలా అవుతుందా? ఫోన్లో వెతికితే మా ఆయనకు తెలిసిపోతుంది. అందుకే టీకా అని చెప్పి, పాపను చంకనేసుకుని లైబ్రరీకి వచ్చాను.

నాలుగో నంబరు కంప్యూటరు, అరగంట. ఎనిమిదో తరగతితో చదువు ఆగినదాన్ని, ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టాను: "నా బిడ్డను చంపేస్తానేమోనని భయం."

తెర ఎర్రబడింది. ఈ మాటలకు ఇక్కడ అనుమతి లేదట. "చంపేస్తానేమో" తీసేసి "ముంచేస్తానేమో" అని కొట్టాను. ఎరుపే. "తల్లికి చెడ్డ ఆలోచనలు" అన్నాను. అదీ ఎరుపే. కంప్యూటరు కూడా ముట్టుకోని మాటలు నా బుర్రలో తిరుగుతున్నాయన్నమాట.

ఇక మిగిలింది పదకొండు నిమిషాలే. మా అమ్మ వయసు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, తెరుచుకోవట్లేదు."

"తెరవాలంటే ఫారం నింపాలమ్మా. ఏం చదవాలో, ఎందుకో రాస్తే పై ఆఫీసుకు పంపుతాం. పది రోజులు పడుతుంది."

ఎందుకో! కాసేపు పెన్ను కొరికి, "పాపకు స్నానం చేయించడానికి" అని రాశాను.

ఆవిడ నవ్వింది. "దానికి పైవాళ్ళ సంతకమెందుకే తల్లీ, వాళ్ళొచ్చి వీపు రుద్దుతారా?" అంటూ తన తెర వైపు తిరిగింది. ఎవరు ఏం కొడితే ఆగిపోయిందో అక్కడ పడుతుందని నాకేం తెలుసు? నాలుగో నంబరు కింద మూడు వరుసలు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. నేను పాపను గట్టిగా హత్తుకున్నాను.

లేచి చేతులు చాచింది. "పాపను ఇలా ఇవ్వు."

"వద్దు మేడమ్! నేనేం చెయ్యలేదు. మీ కాళ్ళు పట్టుకుంటా, తీసుకెళ్ళకండి!"

"ఎక్కడికి తీసుకెళ్తానే పిచ్చిదానా? చదవాలంటే చేతులు ఖాళీ ఉండాలిగా. నా కుర్చీలో కూర్చో. నా కంప్యూటరుకు ఆ కాపలా లేదు."

ఎలా ఇచ్చానో తెలియదు, ఇచ్చాను. మళ్ళీ అవే మాటలు కొట్టి, వచ్చింది కూడబలుక్కుని చదివాను: ఇలాంటి ఆలోచనలు చాలామంది తల్లులకు వస్తాయి. దాచుకోకండి. డాక్టరుకు చెప్పండి. మళ్ళీ మొదటినుంచి చదివాను. మళ్ళీ.

వెనకాల ఆవిడ పాప మెడ దగ్గర వాసన చూసింది.

"నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది?"

"నిన్ననే" అనబోయాను.

"తొమ్మిది రోజులు," అన్నాను.