తడి దుప్పట్ల బండి

మనవరాలు పైకి చదువుకుంటూ లెక్కలు చేస్తుంటే పక్కన చేరి వినడం నానమ్మకు అలవాటు. ఆ సాయంత్రం బలం, ద్రవ్యరాశి, త్వరణం అనే పాఠం వచ్చింది. ఆ మాటలు ఆవిడకు ఒక పట్టాన కొరుకుడు పడలేదు.

"బండి తోయడమే నానమ్మా! గట్టిగా తోస్తే త్వరగా వేగం అందుకుంటుంది. బరువెక్కువైతే మెల్లగా. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం."

"బండి తోయడం నాకు నేర్పుతున్నావుటే?"

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి దుప్పట్ల బండి తోసింది. ఒక పక్క తను, ఇంకో పక్క భర్త అక్క. ఇంట్లో వదినా మరదళ్లు, పనిలో జోడెడ్లు.

"సరే, చెప్పు చూద్దాం," అంది మనవరాలు. "ఇద్దరు రోజూ తోసే బండికి ఒకరోజు త్వరణం సగమే వచ్చింది. ఎందుకు?"

"ఎందుకేమిటి? ఒకత్తె చెయ్యి ఆనించి ఊరికే నడిచింది!"

"అంటే బలం సగమైంది. కానీ బలం అంతే ఉండి, బరువు రెండింతలైనా జవాబు ఇదే. తూచి చూస్తే గానీ ఏదో తెలీదు."

నానమ్మకు లాండ్రీలో ఎప్పటిదో ఒక రోజు గుర్తొచ్చింది.

లాండ్రీలో దుప్పట్లను లెక్కపెట్టేవారే గానీ తూచేవారు కాదు. ఆ రోజు కూడా లెక్క ప్రకారం ఎప్పుడూ ఉన్నన్నే ఉన్నాయి. పైన గుడ్డ కప్పి ఉంది. బండి మాత్రం కదిలి చావలేదు. "ఇవాళ బరువుగా ఉందే," అంది వదిన. "బరువు కాదు, బద్ధకం," అంది తను, సూపర్‌వైజర్‌తో సహా అందరూ వినేలా. వదిన బండి మీది చెయ్యి తీసేసి వెళ్లిపోయింది. మళ్లీ పనికీ రాలేదు, తమ్ముడి గడపా తొక్కలేదు. బట్టలు పిండే మిషను ఆ పొద్దున సరిగ్గా తిరగలేదని ఎవరో అన్నారు కూడా. ఆ ముక్కనూ ఈ ముక్కనూ తను కలిపి చూసుకోలేదు.

నానమ్మ చెప్పులేసుకుని వెనక వీధికి నడిచింది. వదిన పెరట్లో కూర్చుని బట్టలు పిండుతోంది.

"వదినా, ఆ రోజు నువ్వు తోశావు. దుప్పట్లే తడివి. పిల్ల లెక్క చెబుతుంటే ఇప్పుడు తట్టింది."

వదిన తల ఎత్తలేదు. "నేను ఆ రోజే చెప్పానుగా, బరువుగా ఉందని."

"చెప్పావు."

"నేను చెబితే బద్ధకం. పిల్ల చెబితే లెక్క."

నానమ్మ వంగి, పిండిన బట్టొకటి తీసి బకెట్లో వేసింది.

"ఈ లెక్కేదో వాడు బతికుండగా తట్టాల్సింది," అంది వదిన. "మనిద్దరి మధ్యా పడి నలిగిపోయాడు నా తమ్ముడు."

బకెట్ పట్టుకుని లేవబోయింది. నానమ్మ కూడా దాని పిడి మీద చెయ్యి వేసింది.

"వదులు. బరువుగా ఉంది."

"ఉంటుంది వదినా."

వదిన మళ్లీ వదలమనలేదు. ఇద్దరి మధ్యా నీళ్లు కారుతూ బకెట్ దండెం దాకా వెళ్లింది. బట్టలన్నీ ఆరేయడం అయ్యాక కూడా, కూర్చోమని మాత్రం అనలేదు.