చెరిపేసిన ఛానల్

ఎనిమిది పాటల్లోంచి మంజులత మాయమైంది. గిటార్ ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, భిక్షం డప్పు ఉంది. పాడిన గొంతు లేదు.

1994 ఏప్రిల్, శుక్రవారం ఉదయం పదకొండు. ఫిల్మ్‌నగర్‌లో ఒక రికార్డింగ్ థియేటర్. మిక్సింగ్‌కని వచ్చిన కాశీవిశ్వనాథం మొదటి పాట విని, రెండోది వేయించి, మూడోది వేయించి, ఆపమన్నాడు.

కాశీ సినిమా పాటలకు గిటార్ వాయిస్తాడు. కృష్ణానగర్‌లో ఒక గది. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన నేర్పిన అమెరికా పల్లెల బాణీలు పదిహేనేళ్ళుగా అతని వేళ్ళలో ఉన్నాయి. ఏ సినిమా వాటిని అడగలేదు. మంజులతది బోరబండ. ఆమె తల్లి కొమురమ్మ జూబ్లీహిల్స్ బంగళాల పునాదులకు రాళ్ళు కొట్టింది, కొడుతూ పాడింది. ఆ పాటలూ, ఈ బాణీలూ, వెనక రాక్ డ్రమ్స్. అదీ వాళ్ళ మొదటి ఆల్బమ్. హీరో లేడు, నిర్మాత లేడు. థియేటర్ యజమాని తీసిన సినిమాకు కాశీ ఊరికే వాయించినందుకు ఇక్కడ నాలుగు పూటలు దొరికాయి. ఇది నాలుగోది. ఒంటిగంటకు సినిమావాళ్ళు వస్తారు. సాయంత్రం కేసెట్ కంపెనీ మనిషి మద్రాసు రైలెక్కుతాడు, టేపుతోనో, టేపు లేకుండానో.

"సుబ్బరామయ్యగారూ, మంజులత గొంతేదండీ?"

ఇంజనీరు సుబ్బరామయ్యకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. "నిన్ననే చెరిపేశానయ్యా. ఇంతకీ అసలు సింగర్ ఎప్పుడొస్తున్నారు?"

"ఏ సింగరండీ?"

"అదేంటి, మంజులత పాడింది ట్రాకేగా?"

పెద్ద గాయకులు విని నేర్చుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు పాట పాడి పెడతారు. దాన్ని ట్రాక్ పాడటం అంటారు. పెద్ద గొంతు వచ్చేలోపు ఆ గొంతు చెరిపేసి, టేపు మీద దానికి కేటాయించిన వరసను, అంటే ఛానల్‌ను, ఖాళీగా ఉంచాలి. తొమ్మిదేళ్ళలో మంజులత అలా రెండువందల పాటలు పాడింది. రెండువందలూ సుబ్బరామయ్యే చెరిపాడు.

మంజులత బెంచీ మీద టిఫిన్ డబ్బా మూత పెట్టింది. "నన్నొక్కపాలి అడిగితే ఏమయితుండె సార్?"

"ఎప్పుడడిగాను అమ్మాయ్, ఇప్పుడడగడానికి?"

"గది మాత్రం నిజం," అన్నాడు ఆమె మేనమామ భిక్షం.

ఆమె గోడ గడియారం చూసింది. పదకొండూ ఇరవై. "అన్నా, ఎనిమిది పాటలు కలిపి ఎన్ని నిమిషాలు?"

"ముప్పై ఆరు. మిక్సింగ్ పై గదిలో సాయంత్రందాకా చేసుకోవచ్చు. పాడటానికి బూత్ ఇదొక్కటే."

"మరింక ఏంది సూస్తున్నవ్? ఎయ్యమను."

మొదటి రెండూ ఒక్కో టేక్‌లో అయిపోయాయి. మూడోదాని మధ్యలో సుబ్బరామయ్య మైకు బటన్ నొక్కాడు. "అమ్మాయ్, ఊపిరి వినిపిస్తోంది. ఇంకోసారి."

"ఉండనీయుండ్రి సార్. రాళ్ళు కొట్టేటోళ్ళు ఊపిరి తియ్యరా ఏంది?"

ఆయన బటన్ మీంచి వేలు తీసేశాడు.

కాశీ ఒక సంగతి గమనించాడు. వారం కిందట ఆమె ప్రతి పాటా శుభ్రంగా, చదునుగా పాడింది, తర్వాత ఎవరో వచ్చి నేర్చుకుంటారన్నట్టు. ఇప్పుడు పాడుతున్నది ఎవరికీ పట్టుబడేలా లేదు. ఆ మాట ఆమెతో అనలేదు. అంటే ఆపేస్తుందని భయం.

ఐదో పాటలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఏడోది పూర్తయ్యేసరికి ఒంటిగంటకు రెండు నిమిషాలు. వయొలిన్ పెట్టెలతో సినిమావాళ్ళు తలుపు దగ్గర నిలబడ్డారు.

"అయిపోయిందయ్యా. ఖాళీ చేయాలి," అన్నాడు సుబ్బరామయ్య.

"ఎనిమిదోది ఒక్కసారి వేయండి. వింటాను," అన్నాడు కాశీ.

గిటార్ మొదలైంది. డప్పు అందుకుంది. డప్పు వెనక, ఎక్కడో దూరంగా, సన్నగా మంజులత గొంతు.

సుబ్బరామయ్య ముందుకు వంగాడు. వారం కిందటి రికార్డింగులో ఆ ఒక్క పాటకూ భిక్షం మేనకోడలి మొహం చూస్తేగానీ దెబ్బ వేయలేనన్నాడు. ఆమె బూత్ వదిలి అతని పక్కనే నిలబడి పాడింది. అందుకే గొంతు డప్పు మైకులో కూడా పడింది. "డప్పు తీసేస్తేగానీ ఇది పోదు," అన్నాడాయన.

"తీయకండి. అలాగే వెళ్ళనివ్వండి," అన్నాడు కాశీ.

"అంత దూరంగా ఉంటే ఏం బావుంటుందయ్యా?"

"మా అమ్మ పాట బంగళాలోళ్ళకు గంత దూరంకెల్లే ఇనబడ్డది సార్," అంది మంజులత. బూత్‌లోంచి చెప్పులు తెచ్చుకుని వేసుకుంది.

ఐదున్నరకు కంపెనీ మనిషి టేపు తీసుకుని వెళ్ళాడు. సుబ్బరామయ్య ఒక కేసెట్ కాపీ చేసి మంజులత చేతిలో పెట్టాడు. ఆమె గాజుకున్న పిన్నీసు తీసింది. కేసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. అవి విరిగితే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. ఒకటి విరిచింది. రెండోదీ విరిచింది.

"మరీ అంత అపనమ్మకమా అమ్మాయ్?"

"మీ అలవాటు నాకెరుకే గదా సార్," అని కేసెట్‌ను టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించింది.