వరండాలో ఇచ్చిన మాట

మార్చి పద్నాలుగున ప్లీడరమ్మ రెండు ఉడికించిన గుడ్లు తిని, వకీళ్ల క్రమశిక్షణ సంఘం ముందుకు వెళ్లింది. ఎదుటి పక్షం ఖర్చులు సొంతంగా కట్టమని జడ్జి ఆదేశించి ఏడాదైనా ఆమె కట్టలేదు.

ఆ కోర్టులో వాయిదాలకు కాగితం ఉండదు. వకీళ్లు వరండాలో మాటిచ్చుకుంటే చాలు. నిరుడు ఒక కేసులో ఒంట్లో బాగాలేదని ఎదుటి వకీలే వాయిదా అడిగితే ఆమె జాలిపడి సరేనంది, సాక్షులను ఇళ్లకు పంపేసింది. తీరా కేసు పిలిచాక ఆయన లేచి, తాను సిద్ధమేననీ ఆమెకే సాక్షులు లేరనీ బుకాయించాడు. జడ్జి అది నమ్మి ఖర్చులు ఆమె మీద వేశాడు.

"నోటిమాట నీటిమూటేనమ్మా. కట్టేసి, క్షమాపణ రాసివ్వు," అన్నాడు సంఘం పెద్దాయన, మంచినీళ్ల గ్లాసు ఆమెవైపు జరుపుతూ.

ఆమె గుక్కెడు తాగింది. "నీళ్లిచ్చారు, సంతోషమండీ. క్షమాపణ మాత్రం రాయను. మాట తప్పింది ఆయనైతే దండుగ నాకా?"

"ఆరు నెలలు కోర్టులో వాదించే సన్నదు పోతుంది. తర్వాత నీ ఇష్టం."

"పోనివ్వండి. ఎందుకు పోయిందో మాత్రం ఆయన పేరుతో సహా రాయండి."

పెద్దాయన నిట్టూర్చి, అంతా రాశాడు.

సాయంత్రం ఆఫీసులో గుమాస్తా ఎదురొచ్చాడు. "కబురు మీకంటే ముందే కోర్టు చేరిందమ్మా. ఇందాక ఆ ఎదుటి వకీలు ఎవరినో వాయిదా అడిగితే, కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారట!"

"పెట్టాడా?"

"పెట్టక చస్తాడా!"

ప్లీడరమ్మ పగలబడి నవ్వింది. తన కేసుల కట్టలన్నీ వేరే వకీళ్లకు పంపడానికి సర్ది, ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూసింది.