అందుకునే గొంతులు

సావిత్రికి ఒంటరిగా పాడటం రాదు. నవ్వకండి, చుట్టుపక్కల ఊళ్ల నాట్లలో ముందుగా పాట ఎత్తుకునే మనిషి ఆమే. అచ్చంపేట వైపు బురదమళ్లలో ఆమె ఒక వరుస ఎత్తితే, పక్కనున్న ఆడవాళ్లంతా అందుకునేవారు. ఆ కాస్త వ్యవధిలో ఆమె ఊపిరి తీసుకునేది. పాటంటే ఆమెకు తెలిసింది అదే.

ఊళ్లో బోర్లు ఎండి పనులు లేక ఫలక్‌నుమా చేరి, రాబియా లక్క గాజుల కార్ఖానాలో రాళ్లు అతికే పనికి కుదిరింది. నోరు ఊరుకుంటుందా? పనిచేస్తూ పాట ఎత్తేది. తెలుగు అంతంతమాత్రమే వచ్చిన రాబియా, ఆమె దగ్గర పనిచేసే ఆఫియా, మాహిరా మొదట మొహమొహాలు చూసుకున్నారు. కొన్నాళ్లకు తామే అందుకోవడం మొదలుపెట్టారు. పాటుంటే పని తొందరగా తెములుతుందని రాబియా సాకు చెప్పేది గానీ, అసలు ఆమెకు పాట పిచ్చి.

చెల్లెలి పెళ్లికి గాజులు కొనడానికి వచ్చిన మనీష్ ఆ పాట విన్నాడు. అతనికి పత్తర్‌గట్టిలో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. పాట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడదామన్నాడు. సావిత్రి కాళ్లు నేల మీద ఆనలేదు.

తీరా మైకు ముందు నిలబడితే, ఒక వరుస పాడి ఆగిపోయింది. మళ్లీ పాడమంటే మళ్లీ అక్కడే ఆగింది. అందుకునే వాళ్ల కోసం చూస్తోంది మరి! మనీష్ మంచివాడే, ఓపికే తక్కువ. రేపు కూడా ఇంతే అయితే ఇంకో గాయనిని పిలుచుకుంటానన్నాడు. ఇది పోతే తనను ఇంకెవరు పిలుస్తారని ఆమె కార్ఖానాకొచ్చి ఏడ్చింది.

మర్నాడు రాబియా కార్ఖానాకు తాళం వేసింది. రంజాన్ గిరాకీ రోజుల్లో ఎవరూ చేయని పని అది. తమ మొహాలు వీడియోలో పడకూడదని, గొంతులు మాత్రమే వినిపించాలని మనీష్‌ను ముందే ఒప్పించింది. నలుగురూ స్టూడియోలో మైకు చుట్టూ నేల మీద కూర్చున్నారు. సావిత్రి ఎత్తింది, వాళ్లు అందుకున్నారు. ఉర్దూ యాసలో పలికిన మాటల్ని మనీష్ సరిదిద్దబోయి మానుకున్నాడు.

ఆ యాసతోనే పాట ఊరూరా తిరిగింది, పెళ్లి బరాత్‌లలో మోగింది. సభల నుంచి పిలుపులు పెరిగి, ఆమెకు గాజుల పని మానుకోక తప్పలేదు. పని మానిన రోజు సావిత్రి మిఠాయి డబ్బాతో వచ్చి రాబియా చేతులు పట్టుకుంది. కళ్లు నిండిపోయాయి.

"నువ్వు రాకుంటే నా పాట సగంలనే ఆగిపోతుండె, రాబియా ఆపా. నీకు షుక్రియా ఎట్ల చెప్పాలె?"

రాబియా డబ్బా తెరిచి ఒక లడ్డూ ఆమె నోట్లో పెట్టింది.

"షుక్రియా ఏంది, సావిత్రీ? ఆ సగం మాదే గద. మాది మేం పాడుకున్నం."